హుస్సేనమ్మ ఫారం మీద నేను పెట్టిన టిక్కు

ఈమధ్య మా వీధిలో ఒకమ్మాయికి విదేశీ చదువుల కన్సల్టెన్సీలో కౌన్సెలర్ ఉద్యోగం వచ్చింది. "ఆంటీ, మీరూ అదే పని చేశారటగా, ఏం నేర్చుకోవాలో చెప్పండి" అని వచ్చి కూర్చుంది. రెండు గంటలు మాట్లాడాను. ఆ పిల్ల వెళ్లాక ఆలోచిస్తే, అసలు చెప్పాల్సింది ఒక్కటీ చెప్పలేదు. వీసాల గురించీ మార్కుల జాబితాల గురించీ వాగి పంపేశాను. అందుకే ఆ పిల్లకీ, ఈ పనిలో కొత్తగా చేరే మీలాంటివాళ్లకీ ఇది రాస్తున్నాను.

సికింద్రాబాద్‌లో, రెజిమెంటల్ బజార్‌కి దగ్గర్లో, ఒక చెప్పుల దుకాణం మీది అంతస్తులో ఉండేది మా కన్సల్టెన్సీ. అందులో పంతొమ్మిదేళ్లు పనిచేశాను. మాది బొబ్బిలి దగ్గర పల్లె. మా ఆయన ఉద్యోగం మీద ఈ ఊరొచ్చాం. ఎం.ఎ. ఇంగ్లీషు చదివి ఇంట్లో గోళ్లు గిల్లుకుంటూ ఎందుకు కూర్చోవాలని ఆ మెట్లెక్కాను. నాకు ఎప్పుడు జీతం పెరిగింది, ఏ ఏడు ఏ రూలు మారింది లాంటివి ఇందులో వెతక్కండి. ఒక మనిషి విషయంలో నేను చేసిన తప్పు మాత్రం ఉంటుంది.

పని ఏమిటంటే

సాఫ్ట్‌వేర్ పిచ్చి ఊరంతా పట్టుకున్న రోజులవి. సివిల్ ఇంజనీరూ కంప్యూటరే అనేవాడు, బి.కాం. చదివినవాడూ కంప్యూటరే అనేవాడు. ఒక పశువుల డాక్టరు కూడా వచ్చి, "మేడం, నాకు కూడా ఏదైనా కంప్యూటర్లో చూడండి" అన్నాడు. సీటు వచ్చినవాళ్ల ఫొటోలు ఆఫీసు గాజు తలుపు మీద అతికించేవాళ్లం. రెండేళ్లు తిరిగేసరికి తలుపంతా నిండిపోయి, బయట నిలబడ్డది ఎవరో లోపలివాళ్లకి కనపడడం మానేసింది.

కౌన్సెలర్ అంటే సలహా చెప్పే మనిషి అనుకుంటారు. సలహా నవంబరుకే అయిపోతుంది. డిసెంబరులో ఫారాలు పోతాయి. జనవరి నుంచి ఏప్రిల్ దాకా మన పనల్లా, ఎదురుచూసే మనిషికి ఎదురుగా కూర్చోవడం. దీనికి శిక్షణ ఎవరూ ఇవ్వరు. ఒకావిడ తమ్ముడి రిజల్ట్ కోసం రోజూ వచ్చేది. వెళ్లేటప్పుడు కుంకుమ పొట్లం నా చేతిలో పెట్టి, "మీ కంప్యూటర్‌కి బొట్టు పెట్టండి మేడం" అనేది. పెట్టాను. ఖర్మకొద్దీ ఆ కుర్రాడికి సీటొచ్చింది. ఆ తర్వాత రెండేళ్లు నా సొరుగు నిండా కుంకుమ పొట్లాలే.

చేరిన కొత్తలో ఇంకో అబ్బాయి మొహం చూడలేక "వచ్చేస్తుందిలే నాయనా" అన్నాను. అతను వెళ్లి కాలనీ అంతా స్వీట్లు పంచాడు. సీటు రాలేదు. మళ్లీ వచ్చి నన్ను ఏమీ అనలేదు, సర్టిఫికెట్లు తీసుకుని వెళ్లిపోయాడు. తిట్టి ఉంటే బాగుండేది.

మా బాసు గురించి

ఆయన పేరు ప్రసాదరావుగారు. స్వీట్ల సంగతి తెలిసి నన్ను గదిలోకి పిలిచారు. "రాజ్యలక్ష్మిగారూ, మనం పోస్ట్‌మ్యాన్‌లం. ఉత్తరం రాకముందే చదవకండి" అన్నారు. ఇంతకంటే మంచి మాట ఈ పనిలో నాకెవరూ చెప్పలేదు. వస్తుందనకూడదు, రాదనకూడదు. అడిగితే "తెలియదు" అనాలి. ఆ మాట అనడం ఎంత కష్టమో మీకు మొదటి మార్చి నెలలోనే తెలుస్తుంది.

ఆయనదే ఇంకో నియమం కూడా ఉండేది. ఫారాలు పిల్లల చేతికి ఇవ్వకూడదు. "ఇస్తే కొట్టివేతలు, దిద్దుడ్లు. మనమే నింపి, సంతకం దగ్గర పెన్సిల్‌తో ఇంటూ గుర్తు పెట్టి ఇద్దాం. వాళ్లు సంతకం పెట్టి పోతారు." పని తొందరగా అయ్యేది. నాకూ బావుండేది. నా చేతిరాత ముత్యాల్లా ఉంటుందని ఆఫీసులో పేరు. ఒక సాయంత్రం ముప్ఫై ఫారాలు నింపిన రోజులున్నాయి. మొదటి నియమం ఎంత మంచిదో ఇది అంత చెడ్డది. ఆ సంగతి తెలుసుకోవడానికి నాకు హుస్సేనమ్మ కావలసి వచ్చింది.

కంప్యూటర్ వద్దన్న మనిషి

ఒక ఆగస్టులో వచ్చిందామె. ఇరవై ఏడేళ్లుంటాయి. చేతిలో నల్ల రెక్సిన్ సంచి. కాప్రాలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో తెలుగు లెక్చరర్‌గా చేసి, అప్పుడే మానేసింది.

"మేడం, పీహెచ్‌డీకి అప్లై చెయ్యాలె. కంప్యూటర్ గిట్ల కాదు."

"మరేటి?" అన్నాను. కంగారులో మా ఊరి మాట వచ్చేసింది.

"మతాల మీద."

పక్క గదిలోంచి ప్రసాదరావుగారు తల బయటపెట్టారు. "మతాల మీదా? అందుకు అమెరికా ఎందుకమ్మా? మౌలాలి గుట్ట ఎక్కి దర్గా చూస్తే సరిపోదూ?"

"గుట్ట కిందనే మా ఇల్లు, సార్. పుట్టిన కాడికెల్లి ఎక్కెటోళ్లను చూస్తున్న. ఎందుకు ఎక్కుతున్రో చదువుదామని."

ఆయన తల లోపలికి తీసుకున్నారు. నాకా పిల్ల అప్పుడే నచ్చేసింది.

వాళ్లది ఇంట్లో తెలుగే మాట్లాడుకునే ముస్లిం కుటుంబం. తాత దూది ఏకేవాడు. తండ్రి దస్తగిరిగారికి రెజిమెంటల్ బజార్లోనే పరుపుల దుకాణం. తల్లిది నల్లగొండ వైపు పల్లె. అక్కడ పీర్ల పండుగకి పాడే పాటల మీద ఈమె చదవాలనుకుంది. "మా అమ్మమ్మ ఊర్ల పీరును ఎత్తుకునేటాయన కుమ్మరి రామయ్య, మేడం. వాళ్ల తాత కాడికెల్లి వాళ్లదే ఆ వంతు. పాటలు తెలుగుల ఉంటయి. గౌండ్లోళ్లు పాడుతరు, మాలోళ్లు పాడుతరు, మేం సుత పాడుతం. ఇది మీ పండుగా మా పండుగా అని ఎవ్వరు అడగరు. బయటికెల్లి వచ్చినోళ్లే అడుగుతరు."

అక్కడి విశ్వవిద్యాలయాల్లో మతాలను చరిత్రలాగా, సాహిత్యంలాగా చదివే శాఖలుంటాయని ఆమే నాకు చెప్పింది. లైబ్రరీల్లో కూర్చుని ఐదింటి వివరాలు తనే రాసుకొచ్చింది. మా కంప్యూటర్ పిల్లలకి ఒక్కో చోట వందమందిని తీసుకునే కోర్సులుంటాయి. వీటిలో శాఖ మొత్తానికి ఏడాదికి నలుగురైదుగురు. అందులోనూ ఒక్కో రంగానికి ఒక్కరు. ఇరవై పేజీల వ్యాసం ఒకటి రాసి పంపాలి. ఏయే భాషలు చదవగలరో చెప్పాలి. ఆ రంగంలో ఉన్న ప్రొఫెసరు "ఈ మనిషి నాకు కావాలి" అనాలి.

"నాయిన ఒక్క యాడాది టైమిచ్చిండు మేడం" అంది. "వస్తే పో, రాకపోతే మళ్ల ఈ ముచ్చట తియ్యొద్దు అన్నడు. తమ్ముడేమో టెస్టింగ్ కోర్సుల చేరు, ఆర్నెల్లల్ల జాబ్ అంటున్నడు. నాకు ఈ ఒక్క చాన్సే."

అందుకే ఉద్యోగం మానేసింది. నాలుగు నెలలు కూర్చుని ఆ వ్యాసం రాసింది. డిసెంబరులో నేను ఐదు ఫారాలూ నింపాను. ఆమె పెన్సిల్ ఇంటూ గుర్తులున్న చోటల్లా సంతకాలు పెట్టి, "థ్యాంక్స్ మేడం, మీ రాత మస్తుంటది" అని వెళ్లింది.

మంగళవారం, శుక్రవారం

మిగతా రోజులు ట్యూషన్లు చెప్పేది కాబట్టి మంగళవారం, శుక్రవారం వచ్చేది. వాళ్ల ఇంట్లో కంప్యూటర్ లేదు. ఉత్తరాలైనా మెయిళ్లైనా మా ఆఫీసు చిరునామాకే రావాలి. వచ్చి నా ఎదురుగా బెంచీ మీద కూర్చుని పుస్తకం తీసేది. అరగంట చదువుకుని, నావైపు ఒక్కసారి చూసేది. నేను తల అడ్డంగా ఊపేదాన్ని. లేచి వెళ్లిపోయేది. ఒక్కరోజు కూడా "వస్తదంటరా మేడం" అని అడగలేదు. అడగని మనిషిని ఓదార్చడం ఎలాగో నాకు తెలియదు.

ఈ తరహా చదువుల్లో ఎదురుచూపు వేరే రకంగా ఉంటుందని అప్పుడు నేర్చుకున్నాను. కంప్యూటర్ పిల్లలకి ఫిబ్రవరిలో పది రిజల్టులు టపటపా వచ్చిపడతాయి. వీళ్లకి ఏమీ రాదు. కావాలనుకున్నవాళ్లని జనవరి చివర్లోనే ఫోన్‌లో పలకరిస్తారట. ఎవరూ పలకరించలేదంటే అదీ ఒక జవాబే. ఆ సంగతి ఆమెకు తెలుసు. నాకు తెలుసని ఆమెకు తెలుసు. ఇద్దరం ఆ మాట ఎత్తలేదు. పక్కన ఎవరికో సీటొచ్చిందని లడ్డూలు పంచుతుంటే ఆమె ఒకటి తీసుకుని, వాళ్లకి కంగ్రాట్స్ చెప్పి, మళ్లీ పుస్తకంలో తల దూర్చేది.

ఫిబ్రవరి చివర ఒకటి, మార్చి మొదట ఇంకొకటి వచ్చాయి. రెండూ కాదన్నవే. రెండూ నాలుగేసి లైన్ల అచ్చు ఉత్తరాలు. వాటిలో నేర్చుకోవడానికి ఏమీ ఉండదు.

మూడో ఉత్తరం

మూడోది ఒక బుధవారం వచ్చింది. అదీ అచ్చు ఉత్తరమే గానీ, కింద ఎవరో దయగల ప్రొఫెసరు పెన్నుతో రెండు మాటలు రాశాడు. మీ వ్యాసం ఆసక్తిగా ఉంది, కానీ ఇస్లాం అధ్యయనం రంగంలో అరబ్బీ మూలగ్రంథాలు చదవగలిగినవారినే మేం తీసుకుంటాం అని వాటి సారాంశం.

అరబ్బీ ఏమిటి? ఈ పిల్ల చదవాలన్నది తెలుగు పాటలు కదా? ఫైలు తీశాను. మేం ప్రతి ఫారానికీ జిరాక్సు ఉంచుకునేవాళ్లం. మూడో పేజీలో "మీరు చదవదలచిన రంగం" అని ఒక వరసలో గడులు. ఒక్కదానికే టిక్కు పెట్టాలి. బౌద్ధం, క్రైస్తవం, ఇస్లాం, కింద దక్షిణాసియా మతాలు. ఇస్లాం గడిలో టిక్కు. నా టిక్కే. ముత్యాల్లాంటి రాత.

మిగతా నాలుగూ లాగాను. మాటలు కాస్త అటూ ఇటూగా ఉన్నాయి గానీ ఐదింట్లోనూ అదే.

ఎప్పుడు పెట్టానో కూడా గుర్తులేదు. డిసెంబరులో ఏదో సాయంత్రం కుప్పలో వాటినీ కలిపి నింపేశాను. పేరు చూశాను, చెయ్యి దానంతటదే ఆ గడి మీదకి వెళ్లింది. నాలుగు నెలలు నా ఎదురుగా కూర్చుని, మీ పండుగా మా పండుగా అని మా ఊర్లో ఎవరూ అడగరు మేడం అని ఆ పిల్ల చెబుతూనే ఉంది. అయ్యో, ఇంత జ్ఞానం లేకుండా పోయిందేమిటి నాకు!

ఆ టిక్కును బట్టే ఫైలు ఎవరి బల్ల మీదకి వెళ్లాలో తేలుతుంది. ఇస్లాం ప్రొఫెసర్ల దగ్గరికి వెళ్లింది. వాళ్లు అరబ్బీ, ఫారసీ ఉన్నాయా అని చూశారు. తెలుగు, ఉర్దూ కనపడ్డాయి. పక్కన పెట్టారు. దక్షిణాసియా వాళ్లు ఆ ఇరవై పేజీలు చూడనే లేదు. సరైన గడిలో పెట్టి ఉంటే సీటు వచ్చేదా అంటే, తెలియదు. ఇప్పటికీ తెలియదు. తెలుసుకునే దారి లేకుండా చేసింది నేను.

ప్రసాదరావుగారికి చూపించాను. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "చెప్పకండి. ఇంకా రెండు ఉన్నాయి కదా. అవీ కాదంటే రాలేదంటాం, అంతే. ఇవి ఎలాగూ లాటరీ సీట్లు. ఎందుకు రాలేదో చెబితే ఆ పిల్లకి ఒరిగేదేంటి? కడుపుమంట తప్ప."

ఆయన చెడ్డవారు కాదు. మన ఆఫీసుల్లో అందరూ ఇదే అంటారు. ఆ రోజు ఇంటికి వెళ్లేసరికి నాకూ అదే సబబు అనిపించింది, నిజం చెప్పొద్దూ.

మలీద

ఆ వారమే పీర్ల పండుగ. హుస్సేనమ్మ అమ్మమ్మ ఊరు వెళ్లి, శుక్రవారం తిన్నగా బస్‌స్టాండ్ నుంచే మా ఆఫీసుకు వచ్చింది. స్టీలు డబ్బా మూత తీసి నా ముందు పెట్టింది. రొట్టెలూ బెల్లమూ కలిపి దంచి చేసిన మలీద ముద్దలు.

"తినుండ్రి మేడం. పీరు కాడ పెట్టినయి. కుమ్మరి రామయ్య 'మీ మేడానికి ఇయ్యి' అని రెండు ఎక్కువ పెట్టిండు. మీ ముచ్చట చెప్పిన్లే."

నోట్లో పెట్టుకున్నాను. మంచినీళ్లు తాగి, ఫైలు తీసి, ఉత్తరమూ మూడో పేజీ జిరాక్సూ పక్కపక్కన పెట్టాను. "అమ్మా, ఇది నేను పెట్టాను. నిన్ను అడగలేదు. ఐదింట్లోనూ ఇలాగే పెట్టాను" అన్నాను.

ఆమె ఆ గడి మీద వేలు పెట్టింది.

"నా పేరు చూసి పెట్టిన్రా?"

"అవును."

"ఒక్క మాట అడిగితే ఏం పోతుండె మేడం? ఇక్కడనే ఉంటి గద! ఈ బెంచి మీదనే ఉంటి!"

గట్టిగానే అంది. ఆఫీసులో అందరూ తలలు తిప్పారు. కళ్లలో నీళ్లు తిరిగాయి గానీ ఏడవలేదు. డబ్బా మూత పెట్టకుండానే సంచి భుజాన వేసుకుని వెళ్లిపోయింది. ప్రసాదరావుగారు తలుపు దగ్గర నిలబడి నావైపు చూసి లోపలికి వెళ్లిపోయారు.

మర్నాడు డబ్బా కడిగి పట్టుకుని దుకాణానికి వెళ్లాను. దస్తగిరిగారు ఒక పరుపు అంచు కుడుతున్నారు. పక్కన హుస్సేనమ్మ కూర్చుని ఉంది. నావైపు తిరగలేదు. నిలబడే, "తప్పు నాది, మీ అమ్మాయిది ఏమీ లేదు" అని ఆయనకి చెప్పాను.

ఆయన సూది పక్కన గుచ్చి, "కూసోండ్రి" అన్నారు. తర్వాత మెల్లగా, "కొత్తేం కాదమ్మా. మసీదుకు పోతె, మీరు ఇంట్ల తెలుగు మాట్లాడుతరు, మీకేం తెలుస్తది అంటరు. బస్తీల, మీరు సాయిబులు గద, మీకేం తెలుస్తది అంటరు. మేము ఏందో అందరికి తెలుసు, మాకే తెల్వదు. మీరు సుత గట్లనే అనుకున్నరు. కానీ మీరు సదివించేటోళ్లు. మీరు అట్ల అనుకోవద్దుండె" అన్నారు.

పంతొమ్మిదేళ్లలో నన్ను చాలామంది తిట్టారు. ఈ మాటంత గట్టిగా ఏదీ తగల్లేదు.

"ఇంకా రెండు చోట్ల జవాబు రాలేదు" అన్నాను. "వాళ్లకి రాద్దాం. ఫలిస్తుందని చెప్పలేను."

అప్పుడు తిరిగింది హుస్సేనమ్మ. "రాద్దాం. కానీ నా ముచ్చట నేను రాసుకుంట. మీ ముచ్చట మీరు రాయండ్రి."

అలాగే రాశాం. తన పరిశోధన గురించి ఆమె ఒక పేరా రాసింది. కింద, టిక్కు పెట్టింది దరఖాస్తుదారు కాదు, ఆమెను అడగకుండా నేను పెట్టాను అని నేను రాశాను. ప్రసాదరావుగారు ఒప్పుకోలేదు. "కమిటీలకి ఇలాంటివి రాస్తే ఆఫీసు పరువేం కావాలి?" అన్నారు. "నా పేరు మీద రాస్తున్నాను సార్" అన్నాను. "మీ పేరు వేరూ ఆఫీసు వేరూనా?" అని విసుక్కుని, కాగితం లాక్కుని చదివారు. చదివి వెనక్కిచ్చి, "తప్పు నాదేనని మూడుసార్లు రాశారు. ఒక్కసారి చాలు, పంపించండి" అన్నారు. అందుకే ఆయన్ని పూర్తిగా తిట్టలేను.

ఒక చోటి నుంచి, నిర్ణయాలు అయిపోయాయి, వచ్చే ఏడాది చూడండి అని వచ్చింది. రెండో చోట ఫైలును దక్షిణాసియా వాళ్లకి మార్చి, హుస్సేనమ్మను వెయిటింగ్ లిస్టులో మొదట పెట్టారు. ఆ రంగంలో సీటు ఒక్కటే. అది ఇంకెవరికో ఇచ్చేశారు. ఆ మనిషి ఏప్రిల్ పదిహేనులోగా వద్దంటే ఈమెకు.

ఆ మూడు వారాలూ హుస్సేనమ్మ మళ్లీ మంగళవారం, శుక్రవారం వచ్చింది. కానీ నా ఎదురుగా బెంచీ మీద కూర్చోలేదు. గుమ్మం దగ్గర కుర్చీలో కూర్చునేది. నేను తల అడ్డంగా ఊపితే లేచి వెళ్లేది. "వస్తుందమ్మా" అనెయ్యాలని నాలుక మీద దాకా వచ్చేది. పళ్లు బిగబట్టుకున్నాను.

ఏప్రిల్ పదహారున మెయిల్ వచ్చింది. ఆ ఇంకెవరో ఒప్పుకున్నారు. మీ దరఖాస్తు ముందే మాకు చేరి ఉంటే బావుండేదని ప్రొఫెసరు రాశాడు. ఆమె నిలబడే చదివి, ప్రింటు తీసి ఇమ్మంది. మడిచి సంచిలో పెట్టుకుంది. "వస్త మేడం" అంది గానీ మళ్లీ రాలేదు.

ఖాళీ ఫారాలు

వారానికి దస్తగిరిగారు మా మెట్లెక్కారు. మోకాళ్ల నొప్పులతో ఆయాసపడుతూ వచ్చి, నిలబడే అడిగారు.

"మేడం, కొత్త ఫారాలు ఎప్పుడొస్తయి?"

"సెప్టెంబర్‌లో."

"వచ్చినంక ఖాళీవి నాకియ్యుండ్రి. బిడ్డ ఇంట్ల కూసోని రాసుకుంటది."

"మీరు ఒక్క ఏడాదే అన్నారటగా?"

"అన్న. గా యాడాది మీరు ఖరాబ్ జేసిండ్రు. అది దాని యాడాది కాదు. దాని యాడాది దానికి ఇయ్యాలె గద."

ప్రసాదరావుగారు ఖాళీ ఫారాలు బయటికివ్వడం మన పద్ధతి కాదన్నారు. సెప్టెంబర్‌లో నేనే తీసుకెళ్లి దుకాణంలో ఇచ్చివచ్చాను. ఆ తర్వాత నా దగ్గరికి వచ్చిన ప్రతివాళ్ల ముందుకీ ఫారం జరిపి, పెన్ను వాళ్ల చేతికే ఇచ్చాను. కొట్టివేతలు వచ్చాయి, దిద్దుడ్లు వచ్చాయి, రెండో ప్రతులు కావలసి వచ్చాయి. ఆఫీసులో నా వేగం పడిపోయిందని గొణిగారు. గొణగనిమ్మన్నాను. మీరూ అలాగే చెయ్యండి, ఎవరేమన్నా సరే.

మరుసటి ఏప్రిల్‌లో దస్తగిరిగారే ఫోన్ చేసి చెప్పారు, బిడ్డకు సీటొచ్చిందని. ఆ వేసవి అంతా ఆమె అమ్మమ్మ ఊళ్లో ముసలమ్మల దగ్గర కూర్చుని పాటలన్నీ రాసుకుందట. వ్యాసం మొత్తం మళ్లీ రాసి పంపిందట. రెండు చోట్ల రమ్మన్నారట.

ప్రసాదరావుగారికి చెబితే ఎగిరి గంతేసినంత పనిచేశారు. "ఫొటో పట్టుకురండి, తలుపుకి పెడదాం! చూశారా, మీ టిక్కు మంచికే అయింది. ఏడాది ఆగబట్టే కదా అన్ని పాటలు దొరికాయి!"

ఈ మాట మీకూ ఎప్పుడో ఎవరో అంటారు. ఒప్పుకోకండి. ఆ ఏడాది ఆమెది. అడక్కుండా నేను తీసుకున్నాను. పోయినదానితో ఆమె ఏదో చేసుకుందంటే అది ఆమె కష్టం. అందులో నాకు వాటా లేదు. ఫొటో అడగనని ఆయనకి చెప్పేశాను.

సాయంత్రం దుకాణానికి వెళ్లాను. హుస్సేనమ్మ ఒక్కతే ఉంది, దిండ్ల గలీబులు మడతపెడుతోంది. కంగ్రాట్స్ చెప్పాను. తల ఊపింది. వెళ్లబోతుంటే పిలిచింది.

"మేడం, ఆ యాడాది నేను మరువ. మరిచిన అని అబద్ధం చెప్ప."

"చెప్పొద్దు" అన్నాను.

"కానీ ఆ శుక్రారం మీరు చెప్పకపోయి ఉంటె ఏమయ్యేదో తెలుసా? ఐదు చోట్ల కాదన్నరు అంటె, నాకే చాతగాదు అనుకుంటుంటి. నాయిన రెండో యాడాది ఇచ్చినా నేనే వద్దంటుంటి. జిందగీ అంత గట్లనే అనుకుంట ఉందును."

నేను సరేనని తల ఊపి బయటికొచ్చాను. బజార్లో దుకాణాలవాళ్లు షట్టర్లు దించుతున్నారు. హుస్సేనమ్మ ముందు ఎన్ని ఏళ్లు, ఎన్ని సాయంత్రాలు, ముప్ఫయ్యేసి ఫారాలు నింపాను! కాదనిపించుకుని, తమకే చేతకాదనుకుని మా మెట్లు దిగిపోయినవాళ్లు ఎందరో ఉన్నారు. వాళ్లలో ఎవరి కాగితం మీద ఏ టిక్కు నాదో నాకు తెలియదు. వాళ్లకూ తెలియదు.